ఒక్క మెట్టు తక్కువ

మొసళ్ళ మడుగు దాటి ప్రాణాలతో బయటపడ్డ తామ్రగిరి రాకుమారుడు శరభాంకుడు, కట్టుకున్న కాషాయం ఆరకముందే సోపానగిరి పాదానికి చేరుకున్నాడు. సన్న్యాసి వేషం కోసం అంటించుకున్న గోగునార గడ్డం నీళ్ళకు ఉబ్బి దురద పెడుతోంది. గీక్కుందామంటే ఊడి వస్తుంది. ఊడితే చెట్ల మీది కాకులు చూస్తాయి. ఆ కాకులన్నీ మాంత్రికుడు వక్రనఖుడివి. రాజకుమారుడన్నవాడు కొండ దరిదాపులకు వస్తే పైకి కబురు మోయడమే వాటి పని.

తలెత్తి చూశాడు. ఆ కొండ భూమి లోంచి పుట్టినట్టు లేదు, ఆకాశంలోంచి కిందికి దించినట్టుంది. పాదం దగ్గర మొగలి పొదలు, నడుముకు నల్లమబ్బుల మొలనూలు, ఆ పైన ఎండకు కాగిన రాగి బిందెలా ఎర్రటి శిఖరం. పాదం నుంచి శిఖరం దాకా పాపిట తీసినట్టు ఒకే వరసలో మెట్లు. ఒక్కో మెట్టు జానెడు ఎత్తు, ఎక్కడా మలుపు లేదు, మంటపం లేదు.

ఆ శిఖరం మీద శరభాంకుడి అన్న మహీధర మహారాజు పంజరంలో ఉన్నాడు. వక్రనఖుడు ఆయన్ని గోరువంకగా మార్చి మూడు నెలలైంది. అప్పటినుంచీ ఆయన నోటిలోని మాటలు ఈకలు రాలినట్టు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. ఈ అమావాస్య నాడు సూర్యాస్తమయానికి ఆఖరి మాట కూడా రాలిపోతుంది. ఇక ఆపైన ఆయన పక్షే, మళ్ళీ మనిషి కాడు. ఈ రోజు ద్వాదశి.

మెట్ల మొదట్లో ఒక రాతి స్తంభం, దానికొక కంచుగంట, గంట కింద మాంత్రికుడి శాసనం. 'ఎక్కదలచినవాడు విడతకు ఎన్ని మెట్లో ముందే చెప్పి గంట కొట్టవలెను. విడత మధ్యలో ఆగరాదు. విడత చివర ఒక ఘడియకు తక్కువ కాకుండా కూర్చొనవలెను. ఆఖరి విడత నిండవలెను. నిండకున్నచో మెట్లు మెట్లుగా ఉండవు.'

"ఇదీ ఒక శాసనమేనా? ఉప్పరి మేస్త్రి ఒప్పందంలా ఉంది," అని శరభాంకుడు విసుక్కున్నాడు.

స్తంభానికి ఎడమవైపు ఒక పెద్ద సత్రం. లోపల ముప్ఫై నలభై మంది గోడలకు ఆనుకుని కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. వంటపొయ్యి దగ్గర ఉన్న ముసలమ్మ పోలమ్మ అతణ్ణి చూసి గరిటె పైకెత్తింది.

"రా సామీ. నీ సంఖ్య ఎంత?"

"సంఖ్యేమిటమ్మా? నాకు పైకి వెళ్ళాలి."

"అందరూ పైకెళ్ళాలనే వస్తారు. ప్రతివాడూ ఓ సంఖ్యను చంకన పెట్టుకుని వస్తాడు. జారి కిందపడ్డాక నా వంట తింటూ కూర్చుంటాడు. ఇక్కడ పేర్లతో పిలవడం ఎప్పుడో మానేశాను. అదుగో వాడు రెండోవాడు. ఆ మూల మూలుగుతున్నది అయిదోవాడు. ఆ బోడిగుండు పదకొండోవాడు."

రెండోవాడు లేచి కూర్చున్నాడు. "విడతకు రెండు మెట్లు అన్నాను సామీ. రెండేళ్ళు పట్టింది. కొండమేకల మెడలో అటుకుల మూట కట్టి పోలమ్మ పంపేది. మేకలకు శాసనం లేదుగా. గడప కళ్ళెదురుగా కనిపిస్తోంది. ఒక మెట్టు ఎక్కాను, రెండో మెట్టు లేదు. ఒక్క మెట్టు తక్కువ. అంతే, మెట్లన్నీ విసనకర్ర మడిచినట్టు మడతపడ్డాయి. జారుడు, జారుడు, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా జారుడు."

"నాది అయిదు," అన్నాడు అయిదోవాడు. "పది నెలలు. ఆఖరి విడతలో నాలుగు ఎక్కాను. అయిదోది లేదు. ఒక్క మెట్టు తక్కువ."

"నాకు పది ఎక్కాక అయిపోయాయి," అన్నాడు బోడిగుండు. "ఒక్క మెట్టు. ఆ ఒక్కటీ ఉంటే వాడి పీక పట్టుకునేవాణ్ణి."

ఏడోవాడికి ఆరు దొరికాయి, ఏడోది లేదు. పన్నెండోవాడికి పదకొండు. ఎవరిని కదిపినా అదే మాట. శరభాంకుడికి ఒళ్ళు మండింది. అన్న నోట్లో మాటలు రాలిపోతుంటే తను ఇక్కడ కూర్చుని, ఒక్క మెట్టు, ఒక్క మెట్టు అని ఈ భజన వినాలా?

"నాకు మాత్రం డెబ్భై మూడు తక్కువ," అని గంభీరంగా ఒక గొంతు వినిపించింది. విభూతి పెట్టుకున్న సన్నటి బ్రాహ్మడు, ఎదుట గులకరాళ్ళ కుప్పలు. ఆయన పేరు శేషభట్టు. సత్రంలో పేరు పోగొట్టుకోనివాడు ఆయనొక్కడే. "విడతకు నూట ఎనిమిది అన్నాను. అంతకంటె పవిత్రమైన సంఖ్య ఏముంది చెప్పండి. పదిహేను రోజుల్లో చివరికి చేరాను. ఆఖరి విడతకు ముప్ఫై అయిదే మిగిలాయి. నూట ఎనిమిదికే లొంగని కొండ ఇంక దేనికి లొంగుతుంది?"

"అసలు మొత్తం ఎన్ని మెట్లండీ?"

"యాభై అయిదు వేల నాలుగు వందల ముప్ఫై తొమ్మిది. నేను లెక్కపెట్టాను, నాకంటె ముందువాళ్ళూ లెక్కపెట్టారు. తేడా లేదు. కిందపడ్డాక ఈ గులకరాళ్ళతో నాలుగేళ్ళు కూర్చున్నాను నాయనా. రెండు నుంచి రెండు వందల ముప్ఫై అయిదు దాకా ఒక్కో సంఖ్యతోనూ పంచి చూశాను."

"అక్కడ ఆపేశారేం?"

"అంతకు మించినది దేనితో పంచినా వచ్చే వంతు అంతకంటె చిన్నది. ఆ చిన్నదాన్ని ముందే చూసేశాగా. ఏదీ నిశ్శేషంగా పోదు. ఒకటీ, తనూ తప్ప ఇంకెవరినీ దగ్గరకు రానివ్వని సంఖ్య ఇది. అంటే అర్థం తెలుసా? మెట్టుమెట్టుకూ ఘడియ కూర్చుంటూ నాలుగేళ్ళు ఎక్కాలి, లేకపోతే ఎక్కడా ఆగకుండా ఒకే ఊపున ఎక్కాలి. ఆ రెండో పని ఒక మల్లుడు చేయబోయాడు. ఇరవై వేల మెట్ల దగ్గర గుండె ఆగింది."

"మొదటి పని?"

"మా ఓబులు చేస్తున్నాడు," అంది పోలమ్మ. "వెళ్ళి ఏడాది దాటింది. ఇంకా మబ్బుల కింద చుక్కలాగా కనిపిస్తాడు. వాడి వాటా అన్నం రోజూ మేక మీద వెళ్తుంది."

శరభాంకుడు తల పట్టుకున్నాడు. మూడో రోజు సూర్యాస్తమయం లోపల పైన ఉండాలి. నాలుగేళ్ళ దారి తనకెందుకు? కోపంగా లేచి నాలుగు అడుగులు వేసి, చటుక్కున ఆగాడు.

"భట్టుగారూ, రెండోవాడికి ఎంత తక్కువ?"

"ఒకటి."

"అయిదోవాడికి?"

"ఒకటి. అందరికీ ఒకటే నాయనా, చెవులు లేవా? అదే కదా మా ఖర్మ."

"మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది?"

"వాటికీ ఒకటే. పన్నెండు దాకా అన్నింటికీ ఒకటే తక్కువ. గులకరాళ్ళు సాక్ష్యం."

"ఇంతమందికీ ఒక్కటే తక్కువైతే, తక్కువైంది మీ సంఖ్యల్లో కాదు భట్టుగారూ, మెట్ల లెక్కలో. ఒకటి ఎక్కడో జారింది."

సత్రం అంతా ఒక్కసారి గొడవకు లేచింది. పదిసార్లు లెక్కపెట్టామన్నారు. నిన్నగాక మొన్న వచ్చిన గడ్డం సన్న్యాసి తప్పు పడతాడా అన్నారు. శరభాంకుడు బయటకు నడిచి మెట్ల మొదట్లో నిలబడ్డాడు. అందరూ గునుస్తూ వెంట వచ్చారు.

మొట్టమొదటి మెట్టు నిండా పసుపు. మధ్యలో పెద్ద కుంకుమ బొట్టు, చుట్టూ గన్నేరు పూలు.

"ఏదీ, లెక్కపెట్టండి."

శేషభట్టు ముందుకు వచ్చి, ఆ పసుపు మెట్టును తాకి కళ్ళకద్దుకుని, కాలు బాగా చాచి దాన్ని దాటి రెండో మెట్టు మీద పాదం పెట్టాడు. "ఒకటి," అన్నాడు.

"కిందిది?"

"అది దేవుడి మెట్టు."

"అది లెక్కలో లేదా?"

"దేవుణ్ణి లెక్కపెడతారా ఎవరైనా?" అంది పోలమ్మ. "మా వైపు గింజలు కొలిచినా, మేకల్ని ఎంచినా మొదటిది దేవుడికి వదిలి రెండోదాన్నుంచే ఒకటి అంటాం. మీ వైపు లేదా?"

"మా వైపు మొదటిదాన్ని లాభం అంటాం. దేవుణ్ణి తలుచుకుని లెక్కలో కలుపుతాం, తీసెయ్యం. సరే, ఇప్పటిదాకా దీన్ని ఎవరూ తొక్కలేదా?"

ఆ మాటకు ముప్ఫై మందీ చెంపలు వేసుకున్నారు. రెండోవాడు, రెండేళ్ళు ఎక్కి ఒక్క మెట్టు కోసం జారినవాడు, అందరికంటె గట్టిగా వేసుకున్నాడు.

"కళ్ళు పోతాయి," అన్నాడు.

మనం కూడా ఇళ్ళలో గడప తొక్కం. పసుపు రాసిన చోట కాలు పెట్టాలంటే ఎవరికైనా వెన్ను జలదరిస్తుంది. శరభాంకుడూ దేవుడంటే భయభక్తులున్న వంశంలోనే పుట్టాడు. అతని కాలు కూడా లేవలేదు. కానీ ఒక సందేహం మాత్రం మనసులోంచి పోలేదు.

"ఈ పసుపు రాసేదెవరు?"

శేషభట్టు పోలమ్మ వంక చూశాడు.

"నా వంక చూడకండి. నాకు పులుసులోకే పసుపు చాలి చావదు. మీరే రాస్తున్నారనుకున్నా."

"నేనా? నేనెప్పుడూ రాయలేదే. తెల్లవారేసరికి ఉంటుంది. ఎవరో పుణ్యాత్ములు."

"ఎన్నాళ్ళుగా?"

"శాసనం వెలిసినప్పటినుంచీ."

మర్నాడు త్రయోదశి. తూరుపు ఎరుపెక్కే వేళకు శరభాంకుడు, శేషభట్టు, పోలమ్మ మొగలి పొదల చాటున కూర్చున్నారు. శిఖరం వైపునుంచి ఒక ముసలి రాబందు రెక్కలు ఆడించకుండా జారుతూ వచ్చింది. దాని కాళ్ళలో ఒక భరిణె. మెట్టు మీద వాలి భరిణె తెరిచి, రెక్క కొసతో పసుపు అలికింది. ముక్కుతో కుంకుమ బొట్టు పెట్టింది. నాలుగు గన్నేరు పూలు అటూ ఇటూ సర్ది, ఒకసారి మెడ వంచి తన పనితనం చూసుకుని ఎగిరిపోయింది.

శేషభట్టు పొదల్లోంచి లేచి వెళ్ళి ఆ బొట్టు వంక చూశాడు.

"నాలుగేళ్ళు," అన్నాడు. "రోజూ ఆ రాబందు పెట్టిన బొట్టును కళ్ళకద్దుకున్నానా?"

"వాడికి మంత్రం కూడా అక్కర్లేకపోయింది భట్టుగారూ. కాస్త పసుపు ఖర్చుతో సరిపెట్టాడు."

"అయినా రాబందు రాసినా పసుపు పసుపే కదా నాయనా," అన్నాడు శేషభట్టు నీరసంగా. "రాసినవాడి బుద్ధి మంచిది కాదని పసుపు మైలపడుతుందా? తొక్కమని నేనెలా చెప్పను?"

ఈ ప్రశ్నకు శరభాంకుడు నవ్వలేదు. మెట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని నుదురు ఆనించాడు. "స్వామీ, పొద్దున్నే లేచి భూమికి దణ్ణం పెట్టి దాని మీదే నడుస్తాం. తప్పంటే అదీ తప్పే. కొండంతా నీదే అయినప్పుడు ఈ ఒక్క మెట్టే నీదని, మిగతావి మావని నేనెలా అనుకోను? మా అన్న కోసం తొక్కుతున్నాను," అన్నాడు. వంగి మాట్లాడటంతో గోగునార గడ్డం సగం ఊడి వేలాడింది.

"సామివి కాదన్నమాట," అంది పోలమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. "అనుకున్నాలే. సన్న్యాసులు ఇంత అన్నం తినరు. విడతకు ఎన్నంటావు బాబూ?"

శరభాంకుడు నేల మీద పుల్లతో గీశాడు. దేవుడి మెట్టు కలిపితే యాభై అయిదు వేల నాలుగు వందల నలభై. ఇప్పుడు రెండు, మూడు, నాలుగు మొదలుకుని పన్నెండు దాకా అన్నీ దానిలో నిశ్శేషంగా పోతాయి. నిన్నటిదాకా ఎవరినీ దగ్గరకు రానివ్వని సంఖ్య, ఒక్కటి కలిసేసరికి వచ్చినవాళ్ళందరికీ పీట వేస్తోంది. కానీ పన్నెండేసి ఎక్కితే రెండు నెలలు దాటుతుంది. ఇంకా పెద్ద సంఖ్య కావాలి.

"వెయ్యెనిమిది," అన్నాడు.

శేషభట్టు ఎగిరిపడ్డాడు. "నూట ఎనిమిదే పోనిది వెయ్యెనిమిది ఎలా పోతుంది? దేవుడి మెట్టు కలిపినా నూట ఎనిమిదికి ముప్ఫై ఆరు మిగులుతాయి. ఇప్పుడే చూశాను."

"నూట ఎనిమిదిని మూడుతో వరసగా మూడుసార్లు పంచొచ్చండీ. ఈ కొండ మెట్లను రెండుసార్లే పంచగలం. వెయ్యెనిమిదినీ రెండుసార్లే. పవిత్రమైనదే, కాదనను. ఈ కొండకు పట్టదు, అంతే. మీరే చూడండి. యాభై అయిదుసార్లు వెయ్యి ఎంత?"

"యాభై అయిదు వేలు."

"యాభై అయిదు ఎనిమిదులు?"

శేషభట్టు పెదవులు కదిలాయి. "నాలుగు వందల నలభై," అన్నాడు. రెండూ కలిపి చూసుకున్నాడు. తర్వాత సత్రంలోకి నడిచి తన గులకరాళ్ళ కుప్పలను కాలితో ఒక్క తాపు తన్నాడు.

యాభై అయిదు విడతలు. విడతకు ఘడియ నడక, ఘడియ కూర్చోవడం. నూట తొమ్మిది ఘడియలు. రోజుకు అరవై చొప్పున అమావాస్య సూర్యాస్తమయానికి నూట యాభై ఉన్నాయి. నిద్రకు నలభై మిగులుతాయి.

పోలమ్మ వెయ్యెనిమిది శనగలు ఎంచి సంచిలో పోసింది. మెట్టుకొక శనగ ఈ సంచిలోంచి ఆ సంచిలోకి మారాలి. సంచి ఖాళీ అయితే విడత అయినట్టు. శరభాంకుడు సంచి కట్టుకోబోతూ అనుమానంగా అడిగాడు. "ఎలా ఎంచావమ్మా?"

"ఎలా ఏముంది? మొదటిది దేవుడిదని సంచిలో వేశాను. ఆపైన ఒకటి, రెండు అని వెయ్యెనిమిది."

శరభాంకుడు కళ్ళు మూసుకుని ఒకసారి గట్టిగా ఊపిరి వదిలాడు. సంచిలోంచి ఒక శనగ తీసి, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. గంట కొట్టి, సంఖ్య చెప్పి, పసుపు మెట్టు మీద కుడికాలు మోపాడు.

కళ్ళు పోలేదు. చెట్ల మీది కాకులు మాత్రం ఒక్కపెట్టున లేచాయి.

మొదటి విడత, రెండో విడత, నాలుగో విడత. కాళ్ళు ఇనపగుళ్ళయ్యాయి. ఆరో విడతలో రాళ్ళ సందుల్లోంచి మాంత్రికుడి గొంతు మొదలైంది. "ఏడు వందల పద్దెనిమిది. నాలుగు వందల రెండు. తొమ్మిది వందల యాభై." లెక్క తప్పించాలని వాడి ఎత్తు. శరభాంకుడు నోటితో ఒక్క అంకె కూడా పలకలేదు. శనగలు సంచి మారుతూనే ఉన్నాయి. తొమ్మిదో విడతలో మెట్టు పక్కనే వెండి చెంబులో చల్లటి నీళ్ళు, వట్టివేళ్ళ వాసన. ఎండిన గొంతుతో దాన్ని తన్నేసి పోయాడు. నీళ్ళు ఒలికిన చోట రాయి బుసబుసమని పొంగింది.

పద్నాలుగో విడత చివర, పొద్దు వాలే వేళకు కాకుల మంద మీదపడింది. గడ్డం పీక్కుపోయాయి. అది పోతే పోయింది, పీడా వదిలింది. కానీ ఒక కాకి సంచిలో ముక్కు పెట్టి శనగలు బుక్కుకుని ఎగిరిపోయింది. ఎన్ని పోయాయో తెలియదు. ఎక్కడ ఆగాలో తెలియదు. ఆగకూడదు. కాలు పైకి లేస్తూనే ఉండాలి.

కొన్ని మెట్ల పైన ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పక్కన ఒక మేక నెమరు వేస్తోంది.

"ఓబులూ," అని శరభాంకుడు కిందినుంచే అరిచాడు, కాళ్ళు ఆపకుండా. "నువ్వు కూర్చున్నది ఎన్నో మెట్టు?"

"పద్నాలుగు వేల నూట రెండు బాబూ," అన్నాడు ఓబులు తాపీగా. "ఏం, మీకూ జారేదాకా వచ్చిందా?"

"దేవుడి మెట్టు కలపకుండానా?"

"కలపకుండానే. కలుపుతారా ఎవరైనా?"

అయితే ఇది పద్నాలుగు వేల నూట మూడు. పద్నాలుగు విడతలకు పద్నాలుగు వేల నూట పన్నెండు కావాలి. ఇంకా తొమ్మిది. ఓబులు పక్కనుంచి దూసుకుపోయి, తొమ్మిది మెట్లు ఎక్కి, కళ్ళు గట్టిగా మూసుకుని కూలబడ్డాడు. మెట్లు మెట్లుగానే ఉన్నాయి.

"మేక మూటలో శనగలున్నాయి, తీసుకోండి," అన్నాడు ఓబులు కిందినుంచి. మేకను రెండు దెబ్బలు కొట్టి పైకి తోలాడు. "మీది ఎంత సంఖ్యో గానీ భలే దూకుడు మీద ఉన్నారు."

"నీ లెక్క తప్పు కాదు ఓబులూ. నువ్వు పైకి చేరతావు."

"ఆ సంగతి నాకు తెలుసు బాబూ. అందుకేగా ఎవరూ నాతో రాలేదు. ఇంకో మూడేళ్ళుంది. పైన పని త్వరగా అయిపోతే కాస్త కేకెయ్యండి, దిగిపోతాను."

కూర్చున్న ఆ ఘడియలోనే శరభాంకుడు మేక మూటలోంచి లోటు పూడ్చి, వెయ్యెనిమిది శనగలూ మళ్ళీ ఎంచుకున్నాడు. ఆ తర్వాతి ముప్ఫై తొమ్మిది విడతల్లో పడిన పాట్లు చెప్పడానికి ఇంకో పుస్తకం కావాలి. పిడుగులు మెట్ల మీద గోళీల్లా దొర్లుతూ వచ్చాయి. నలభయ్యో విడతలో వక్రనఖుడు చనిపోయిన రాణీమాత గొంతుతో పిలిచాడు. కూర్చో నాయనా, కాళ్ళు పడతాను అన్నాడు. రాకుమారుడు ఏడుస్తూనే ఎక్కాడు, ఆగలేదు. అమావాస్య మధ్యాహ్నానికి యాభై మూడు పూర్తయ్యాయి. యాభై నాలుగో విడతకు నాలుగు కాళ్ళ మీద పాకాడు. సూర్యుడు పడమటి కొండల మీద బెత్తెడు ఎత్తున ఉండగా ఆఖరి విడత మొదలైంది. ఆఖరి శనగ చేతిలో ఉండగా అతని కాలు శిఖరం గడప కింది ఆఖరి మెట్టును తాకింది. తక్కువ కాలేదు, మిగలలేదు.

కొండ తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. లోపలినుంచి బక్కపలచటి ముసలివాడొకడు వంకర గోళ్ళతో గుమ్మం పట్టుకుని, చిరాగ్గా బయటకు వచ్చాడు. వాడే వక్రనఖుడు.

"ఇరవై ఏళ్ళు," అన్నాడు వాడు. "ఇరవై ఏళ్ళుగా రోజూ పసుపు పంపిస్తున్నాను. ఒక్కడు తొక్కలేదు. నీకు దైవభక్తి లేదట్రా?"

"ఉంది. దణ్ణం పెట్టే తొక్కాను. మా అన్న ఏడీ?"

"మీ అన్నకు ఒక్క మాట మిగిలింది. అదీ ఇప్పుడు రాలిపోతుంది. కావాలంటే పిట్టను తీసుకుపో, కాయలు పెట్టి పెంచుకుందువుగాని." అంటూనే వాడు వెనక్కి దూకి, గోడకు వేలాడుతున్న పంజరాన్ని లాక్కుని, నేల మీద పరిచిన పాత ఈతచాప మీద కూర్చుని మూడుసార్లు తట్టాడు. చాప గాలిలోకి లేచింది.

శరభాంకుడు గడప మీద నుంచి దూకాడు. ఒక చేతికి చాప అంచు దొరికింది. రెండో చెయ్యి పంజరం కమ్మీ పట్టుకుంది. కాళ్ళ కింద కొండ ఒక్కసారిగా వెనక్కి పోయింది.

"అన్నా," అన్నాడు.

పంజరంలో గోరువంక తల పక్కకు వంచింది. పసుపు ముక్కు తెరుచుకుంది. ఒక రాజ్యాన్ని ఏలిన మనిషికి, శాసనాలు చెప్పి రాయించిన మనిషికి, మిగిలిన ఆ ఒక్క మాటా బయటకు వచ్చింది.

"తిన్నావా?"

శరభాంకుడు పంజరం కమ్మీని ఇంకా బిగించి పట్టుకున్నాడు.

"దాన్ని మాట్లాడించకు," అని వక్రనఖుడు కసిరాడు. గోళ్ళతో అతని వేళ్ళను చాప మీదినుంచి విడదీయబోయాడు. "నోరు మూసుకో. మాట్లాడించకు అంటున్నానా."

ఆ గొంతులో కంగారు విని శరభాంకుడికి అర్థమైంది. పలుకుతున్న మాట రాలదు. ఊరుకుంటేనే రాలుతుంది.

"లేదన్నా," అన్నాడు. "రెండు రోజులైంది. నువ్వు?"

"తిన్నావా?"

"లేదంటున్నానుగా. ఇంటికి పోయాక తిందాం."

"తిన్నావా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? లేదన్నా. మళ్ళీ అడుగు."

చాప అంచున ఈతాకులు ఒక్కొక్కటే పుటుక్కుమంటున్నాయి. మాంత్రికుడు గోళ్ళతో పొడుస్తున్నాడు. వేళ్ళ మీదుగా నెత్తురు కారుతోంది. కింద యాభై అయిదు వేల నాలుగు వందల నలభై మెట్లూ ఒక్క గీతలా కనిపిస్తున్నాయి. పడమట సూర్యుడు సగం దిగాడు, ముప్పాతిక దిగాడు, ఎర్రటి అంచు మాత్రం మిగిలింది. ఆ తర్వాత అదీ లేదు.

వక్రనఖుడు చెయ్యి ఆపి పంజరం వైపు చూశాడు. చాపలో ఇంకో ఈతాకు తెగింది.

"తిన్నావా?" అంది గోరువంక.